మళ్లా ఆపరేషనా?

రాత్రి రెండు దాటింది. గొంతుదాకా పుల్లటి నీళ్లు తన్నుకొచ్చి, దగ్గు ఆగక మంచం మీద లేచి కూర్చుంది టీచరమ్మ. వీపు కింద మూడు మెత్తలు పెట్టుకున్నా లాభం లేకపోయింది. ఛాతీ మధ్యలో నిప్పు కణిక పెట్టినట్టు మంట.

"పండుకోరాదు" అన్నాడు భర్త నిద్రమత్తులోనే.

"పండుకుంటేనే వస్తున్నది" అంది.

2025 దసరా వెళ్లిన వారం. ఊరు రామన్నపేట. సద్దుల బతుకమ్మ నాడు ఇంత మలీద తిని, కాసేపు ఆడి వచ్చింది. ఆ రాత్రి నుంచి వరుసగా నిద్ర లేదు. తెల్లవారితే సిరిపురం బడికి పోవాలి. మగ్గాల చప్పుడు తరగతి గదిలోకి వినపడే ఊరది. పిల్లల ముందు నిలబడి పాఠం చెబుతుంటే తేన్పుతో పాటు పులుపు నోట్లోకి వచ్చేది. బోర్డు వైపు తిరిగి మింగేది. ఇట్లా అప్పటికే రెండేళ్లు గడిచాయి.

ఈ గాథలో ఊళ్లు, వైద్యం, పరిశోధనల లెక్కలు ఉన్నవి ఉన్నట్టే. ఇంట్లోవాళ్ల పేర్లు మాత్రం ఉండవు. బరువు తగ్గే ఆపరేషన్ రెండోసారి చేయించుకోవాలా వద్దా అని తేల్చుకోలేక నలిగే ఇళ్లలో వినిపించే మాటల్ని కలిపి ఒక ఇంటి కథగా అల్లాం.

టీచరమ్మ మొదటి ఆపరేషన్ 2018లో జరిగింది. అప్పుడామె బరువు 112 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. షుగరు, మోకాళ్ల నొప్పులు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ చేశారు. సంచిలా ఉండే జీర్ణాశయాన్ని నిలువునా కత్తిరించి, ముప్పాతిక వంతు దాకా తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా స్టేపుల్స్‌తో మూసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. ఆపరేషన్ అయిన మొదటి ఏడాది ఆమెకు ఆకలి అన్నదే గుర్తుకు రాకపోవడానికి అదొక కారణం.

పద్నాలుగు నెలల్లో 71 కిలోలకు వచ్చింది. షుగరు గోలీలు ఆగాయి. పాత జాకెట్లన్నీ కుట్లు పట్టించుకుంది. మోకాళ్ల మీద కూర్చుని పిల్లల చేత అ, ఆలు దిద్దించింది.

ఊళ్లో మాత్రం "పిత్తాశయంల రాళ్లు తీసిండ్రు" అని చెప్పారు. ఆఖరుకు చిట్యాలలో ఉన్న సొంత అక్కకు కూడా అదే మాట. ఇంత సన్నబడ్డవేందమ్మా అని ఎవరైనా అడిగితే, "రాత్రి అన్నం బంద్ పెట్టిన, జొన్నరొట్టె తింటున్న" అనేది. ఆ మాట నమ్మి బడిలో ఇద్దరు ముగ్గురు జొన్నరొట్టె మొదలుపెట్టారు కూడా. అప్పటికి అదేమంత పెద్ద తప్పుగా అనిపించలేదు. కడుపు కోయించుకుని సన్నబడ్డదంటే, తిండి ఆపుకోలేక దవాఖానకు పోయిందంటారని భయం. ఆ అబద్ధం తర్వాత ఆమెకే గుదిబండ అయింది. బరువు మళ్లీ పెరగడం మొదలైనప్పుడు గోడు చెప్పుకోవడానికి ఒక్కరు లేకుండా పోయారు.

2020లో కరోనాతో బడులు మూతపడ్డాయి. ఇంట్లోనే ఉండటం, చాయ్ మీద చాయ్. 71 కాస్తా 78 అయింది, 85 అయింది, చివరికి 94 దగ్గర ఆగింది. షుగరు గోలీలు మళ్లీ వచ్చాయి. ఆపరేషన్ సంగతి ఎరిగిన వాళ్లు ఇంట్లో ముగ్గురే. ఆ ముగ్గురిలో ఎవరూ నోరు తెరిచి అనకపోయినా, తనే అనుకునేది: "నోరు కట్టుకోలే. అన్ని పైసలు పోసి చేపిచ్చుకున్నదాన్ని కూడ ఖరాబు చేసుకున్న."

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. బరువు తిరిగి రావడమంటే మనిషి ఓడిపోవడమని మన ఇళ్లలోనే కాదు, కొన్ని దవాఖానల వరండాల్లోనూ అనుకుంటారు. అది నిజం కాదు. బాగా బరువు తగ్గిన ఒళ్లు ఆ తగ్గడాన్ని కరువుగా లెక్కగడుతుంది. విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తిని తగ్గించుకుంటుంది, ఆకలిని పెంచుతుంది. స్లీవ్ గొట్టం ఏళ్లు గడిచేకొద్దీ కొంత సాగుతుంది. తిండి అలవాట్ల పాత్ర ఉంది, కాదనలేం. కానీ ఆ ఒక్కటే ఉందనుకుని మనిషిని సిగ్గుతో కుంగదీస్తే, ఆ మనిషి డాక్టరు దగ్గరకు పోవడం మానేస్తుంది. టీచరమ్మ అదే చేసింది. ఏడాదికోసారి రమ్మన్న దవాఖానకు మూడో ఏడు నుంచి పోలేదు. తూకం మీద నిలబడటానికి మొఖం చెల్లలేదు. విటమిన్ గోలీలు కూడా అప్పుడే ఆగిపోయాయి. మంటకు మాత్రం మెడికల్ షాపులో పాన్ ఫార్టీ తెచ్చుకుని పరగడుపున వేసుకునేది.

మళ్లీ దవాఖానకు కదిలించింది కూతురు. నార్కట్‌పల్లిలో నర్సింగ్ చదువుతోంది. దసరా సెలవులకు వచ్చి, తల్లి అర్ధరాత్రి కూర్చుని దగ్గడం చూసింది.

"ఇది గ్యాస్ కాదమ్మా. ఎండోస్కోపీ చేపిద్దాం. స్లీవ్ అయినోళ్లకు ఇట్లయితదని మాకు చెప్పిండ్రు. కొందరికి బైపాస్ లెక్క మారుస్తరు."

"మళ్లా ఆపరేషనా?"

ఆ మాటన్నది తండ్రి. బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం ఆయనది. యూరియా కోసం వచ్చినవాళ్లు, ఊరికే వచ్చి కూర్చునేవాళ్లు, అందరి నోళ్లలో నానిన వార్తలు ఆయన మనసులో పేరుకుని ఉన్నాయి. ఆ రాత్రి ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి.

"దాసరి నారాయణరావు ఎట్ల పోయిండు? ఆర్తీ అగర్వాల్ ఎట్ల పోయింది? వాళ్లకు పైసలు లేకనా, పెద్ద డాక్టర్లు దొరకకనా?"

తెలుగు ఇళ్లలో ఈ ఆపరేషన్ మాట ఎత్తగానే ఈ రెండు పేర్లూ వస్తాయి. దర్శకుడు దాసరి 2017 మే 30న కన్నుమూసినప్పుడు, బరువు తగ్గేందుకు చేయించుకున్న చికిత్స తర్వాత వచ్చిన చిక్కుల గురించి పత్రికలు రాశాయి. 'నువ్వు నాకు నచ్చావ్'తో ఇంటింటి పిల్ల అయిన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్లకే చనిపోయింది. కొన్ని వారాల ముందు ఆమె చేయించుకున్నది లైపోసక్షన్ అని అప్పుడు వార్తలొచ్చాయి. చర్మం కింద ఉన్న కొవ్వును గొట్టంతో పీల్చేసే పద్ధతి అది. జీర్ణాశయాన్ని ముట్టుకోరు, పేగును ముట్టుకోరు, ఆకలి మీద దాని ప్రభావం ఉండదు. దాన్నీ, కడుపు ఆపరేషన్నూ ఒకే గాట కట్టేయడం వల్ల భయం రెండింతలైంది. దుకాణం బల్ల మీద ఇంకో కథ కూడా తిరుగుతుండేది. దాదాపు 500 కిలోల బరువుతో ఈజిప్టు నుంచి 2017లో విమానంలో ముంబైకి తెచ్చిన ఎమాన్ అహ్మద్ కథ. అదే ఏడాది సెప్టెంబరులో ఆమె అబుదాబిలో చనిపోయింది. 2011లో ఇటువంటి ఆపరేషనే చేయించుకుని, ఇన్నేళ్లుగా దేశమంతా తిరుగుతున్న రాజకీయ నాయకుడు నితిన్ గడ్కరీ సంగతి మాత్రం ఆ బల్ల మీద ఎవరూ ఎత్తలేదు. బతికి బాగున్నవాళ్లు వార్త కారు.

అట్లని భర్త భయం ఉత్త భయం కాదు. మొదటి ఆపరేషన్ నాడు థియేటర్ బయట కూర్చున్నది ఆయనే. లోపలికి పోయిన మనిషి ఎప్పుడొస్తుందో తెలియని గంటలు ఆయనకు గుర్తున్నాయి. "ఒక్కసారి దేవుడు గట్టెక్కిచ్చిండు. మళ్లా మళ్లా అడుగుతమా?" అన్నాడు. ఆ మాటకు తల్లీకూతుళ్లు బదులు చెప్పలేదు.

వారం తర్వాత ముగ్గురూ పొద్దుటి రైలెక్కారు. వలిగొండ, బీబీనగర్ దాటి సికింద్రాబాద్. ఈసారి మొదటి దవాఖానకు కాకుండా, రివిజన్లు, అంటే పాత ఆపరేషన్ను సరిదిద్దే రెండో ఆపరేషన్లు, ఎక్కువ చేసే మరో సర్జన్‌ను కూతురు వెతికి పెట్టింది.

సర్జన్ ముందు ఆపరేషన్ మాటే ఎత్తలేదు. పాత కాగితాలు అడిగాడు. 2018 నాటి డిశ్చార్జి సమ్మరీ తీసి చూశాడు. ఆ తర్వాత ఒకే ప్రశ్న వేశాడు.

"మీరు దేనికోసం వచ్చారమ్మా? బరువుకా, మంటకా?"

"బరువుకే సార్. మంటకు గోలి వేసుకుంటున్న."

"సరే. ముందు లోపల ఏముందో చూద్దాం."

రెండు రోజుల్లో ఎండోస్కోపీ, బేరియం మింగించి తీసే ఎక్స్‌రే, రక్తపరీక్షలు, కడుపు స్కానింగ్ అయ్యాయి. బేరియం పరీక్షలో సున్నపు తేటలాంటి ద్రవం తాగించి, అది దిగుతుండగా వరుసగా ఫొటోలు తీస్తారు. సర్జన్ ఆ ఫొటోలను తెర మీద పెట్టి పెన్నుతో చూపించాడు. తెల్లటి సన్న గొట్టం. దాని పై కొస, ఉండాల్సిన చోట లేదు. పొట్టకూ ఛాతీకీ నడుమ ఉండే కండరపు పొర సందులోంచి పైకి జారి ఛాతీలోకి దూరింది. హయాటస్ హెర్నియా. మనిషి పడుకోగానే గొట్టంలోని యాసిడ్ నేరుగా అన్నవాహికలోకి ఎగదన్నుతోంది. ఎండోస్కోపీ ఫొటోలో అన్నవాహిక కింది భాగం అంతా ఎర్రటి చారలు, చారల మీద తెల్లటి పొక్కు. ఈ పుండ్లను ఎ నుంచి డి వరకు నాలుగు గ్రేడులుగా లెక్కేస్తారు. ఆమెది సి.

"ఇది ఎన్నేళ్ల సంది సార్?" అడిగాడు భర్త. గొంతు తగ్గింది.

"ఆమెనే అడగండి."

ఆమె చెప్పలేదు. తలొంచుకుంది.

సర్జన్ వివరించిన సంగతి ఇది. స్లీవ్ గొట్టం సన్నగా ఉంటుంది కాబట్టి లోపల ఒత్తిడి ఎక్కువ. ఒత్తిడి ఎక్కువైతే యాసిడ్ పైకి తోసుకొస్తుంది. ఫిన్లాండ్‌లో 2008 నుంచి 2010 మధ్య 240 మందిలో సుమారు సగం మందికి స్లీవ్, మిగతావాళ్లకు బైపాస్ చేసి, పదేళ్ల తర్వాత ఎండోస్కోపీతో చూశారు. స్లీవ్ చేయించుకున్నవాళ్లలో నూటికి 31 మందికి అన్నవాహికలో పుండ్లు కనిపించాయి. బైపాస్‌లో 7 మందికే. పుండు ఏళ్ల తరబడి మానకపోతే ఆ చోట పొర స్వభావమే మారిపోయే ప్రమాదం ఉంది. దాన్ని బారెట్స్ అంటారు. కొందరిలో అది క్యాన్సర్‌కు దారితీస్తుంది. టీచరమ్మకు ముక్క తీసి పరీక్షిస్తే బారెట్స్ లేదని తేలింది. ఇప్పటికి.

"పాన్ ఫార్టీ వేసుకుంటే మంట తగ్గొచ్చు. కానీ పైకి ఎగదన్నే దారి అట్లనే ఉంటది కదమ్మా."

అప్పటిదాకా ఆ ఇంట్లో వాదన అంతా బరువు చుట్టూ తిరిగింది. మళ్లా పెరిగింది కాబట్టి మళ్లా కోయించుకోవాలా, ఈసారి తగ్గుతుందా, తగ్గి మళ్లా పెరిగితే ఏమిటి? అసలు జబ్బు ఆ మూడు మెత్తల మీద రాత్రుళ్లు కూర్చుని ఉంటే దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. రివిజన్ గురించి ఆలోచించే ప్రతి ఇంటికీ నేను చెప్పదలచుకున్నది ఇదే. చేయించుకుందామా వద్దా అని మొదలుపెడితే ఎటూ తెగదు. మొదటి ఆపరేషన్‌లో ఏది చెడింది, దేన్ని బాగుచేయడానికి ఈ రెండోది అన్నదగ్గర మొదలుపెట్టాలి. గొట్టం సాగిందా, మెలిక పడిందా, హెర్నియా వచ్చిందా, అంతా బాగానే ఉండి ఆకలి ఒక్కటే పెరిగిందా? జవాబును బట్టి దారి మారుతుంది. కొందరికి ఆపరేషనే అక్కర్లేదు.

భర్త ఆ దారి గురించే అడిగాడు. "సార్, ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చినయట కదా. మౌంజారో అని. అవి ఏపిస్తే సరిపోదా?"

మంచి ప్రశ్న. 2025 మార్చిలో మౌంజారో మన దేశంలోకి వచ్చింది, జూన్‌లో వెగోవీ. వారానికొక సూది. మౌంజారో వచ్చినప్పుడు అతి చిన్న డోసు సీసా ధర 3,500 రూపాయలు. నెలకు నాలుగు. ఆపరేషన్ తర్వాత సరిగా బరువు తగ్గనివాళ్ల మీద ఇదే కుటుంబానికి చెందిన లిరాగ్లుటైడ్‌ను బ్రిటన్‌లో పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. 24 వారాల్లో వాళ్ల బరువు సగటున నూటికి దాదాపు 9 పాళ్లు తగ్గింది. ఉత్తుత్తి సూది వేసుకున్నవాళ్లకు ఒక పాలు కూడా తగ్గలేదు.

"బరువు ఒక్కటే సమస్య అయితే నేనే ముందు అదే రాసేవాణ్ని" అన్నాడు సర్జన్. "కానీ ఈ మందులు తిన్నదాన్ని పొట్టలో ఎక్కువసేపు నిలబెడతాయి. మీ ఆవిడకు ఎగదన్నడం ఇంకా ఎక్కువ కావొచ్చు. పైగా జారిన హెర్నియాను సూది కిందికి దించలేదు."

స్లీవ్‌నే మళ్లీ కత్తిరించి ఇంకా సన్నం చేయొచ్చా అంటే, మంట ఉన్నవాళ్లకు అది మరింత చెరుపు. మిగిలింది బైపాస్. పుండ్ల కోసం జీర్ణాశయంలో కొంత భాగం తీసేయించుకున్న మనుషులు బరువు తగ్గడం గమనించి, అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ 1966లో మొదలుపెట్టిన పద్ధతి. స్లీవ్ గొట్టాన్ని పై భాగంలో తెగ్గోసి చిన్న గిన్నెలాగా ఉంచుతారు. చిన్నపేగును కత్తిరించి ఒక కొస తెచ్చి దానికి అతుకుతారు. యాసిడ్ తయారుచేసే మిగతా గొట్టం లోపలే ఉంటుంది కానీ దాని రసాలు కిందుగా పోయి పేగులో కలుస్తాయి. పైకి ఎగదన్నడానికి పెద్దగా ఏమీ మిగలదు. అదే చేతితో హెర్నియా సందునూ కుడతారు.

అప్పుడు కూతురు తన నోటుబుక్కు తెరిచింది.

"సార్, మీరు స్లీవ్ నుంచి బైపాస్‌కు మార్చినవి ఎన్ని చేసిండ్రు?"

తండ్రి ఆమె చెయ్యి నొక్కాడు, అట్లా అడగకూడదన్నట్టు. సర్జన్ మాత్రం నొచ్చుకోలేదు. ఎన్ని చేశాడో చెప్పాడు. వాటిలో ఎందరికి చిక్కులు వచ్చాయో అడిగింది, అదీ చెప్పాడు. కుట్టు దగ్గర లీకయితే రాత్రిపూట ఎవరుంటారు, ఐసీయూ ఇదే అంతస్తులో ఉందా, ఎండోస్కోపీ చేసే డాక్టరు ఆదివారం దొరుకుతాడా? ఒక్కొక్కటీ రాసుకుంది. ఆఖరున అడిగిన ప్రశ్న దగ్గర సర్జన్ పెన్ను కింద పెట్టాడు.

"ఇంటికొచ్చినంక గుండె దడ వస్తే మేం రామన్నపేటల ఉంటం సార్. మీ దగ్గరికి వచ్చేసరికి రెండు గంటలు. ఎవరికి ఫోన్ చెయ్యాలె?"

"ఇది చాలామంది అడగరు" అన్నాడు. తన నంబరూ, డ్యూటీ డాక్టరు నంబరూ ఆమె బుక్కులోనే రాశాడు. విశ్రాంతిగా ఉన్నా నాడి 120 దాటినా, జ్వరం వచ్చినా, ఎడమ భుజంలో నొప్పి పుట్టినా ఊళ్లో సూది వేయించుకుని ఆగకుండా వెంటనే బయలుదేరాలన్నాడు. లీకుకు నొప్పి కంటే ముందు కనిపించే గుర్తు చాలాసార్లు నాడి వేగమే.

ప్రమాదాలను దాచలేదు. మొదటిసారి లోపల అంతా శుభ్రంగా ఉంటుంది. రెండోసారి కాలేయం వచ్చి పాత కుట్టుకు అతుక్కుని ఉంటుంది. అతుకులు విడదీస్తూ పోవాలి. పాత స్టేపుల్స్ దగ్గర కండ మందంగా ఉంటుంది, రక్తం అందడం తక్కువ. కాబట్టి మొదటి ఆపరేషన్ కన్నా సమయం ఎక్కువ, లీకు అవకాశమూ ఎక్కువే. కాళ్లలో రక్తం గడ్డ కట్టకుండా సూదులు, ఆపరేషన్ అయిన రోజునే లేపి నడిపించడం తప్పనిసరి. తర్వాతి ఏళ్లలో పేగు మెలిక పడొచ్చు, అతుకు దగ్గర పుండు పడొచ్చు. అందుకే పుండు పుట్టించే నొప్పి గోలీలు ఇక జన్మలో వేసుకోకూడదు.

ఆ చివరి మాటకు టీచరమ్మ ఉలిక్కిపడింది. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన ఉమ్మడి నల్లగొండ జిల్లా మనిషి. మోకాళ్ల నొప్పికి ఆర్ఎంపీ ఇచ్చే గోలీ లేకుండా ఆమెకు వారం గడవదు. "మరి మోకాళ్లకు ఎట్ల సార్?" పారాసిటమాల్, వ్యాయామం, బరువు తగ్గితే కొంత ఉపశమనం. అంతకు మించి ఆయన హామీ ఇవ్వలేదు.

బరువు ఎంత తగ్గుతుందని అడిగితే, "మొదటిసారి తగ్గినంత ఆశించొద్దమ్మా" అన్నాడు సూటిగా. "కొందరికి బాగా తగ్గుతుంది, కొందరికి కొద్దిగానే. మంట పోవడం మీద నాకు ఎక్కువ నమ్మకం ఉంది. మంట పోవడం కోసమని మీరు ఒప్పుకుంటేనే చేద్దాం."

డబ్బు సంగతి ఇంటి దారిలో వచ్చింది. ఇన్సూరెన్స్ నిబంధనల ప్రకారం బరువు కోసం చేసే ఆపరేషన్‌కు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 40 ఉండాలి, లేదా 35 దాటి తీవ్రమైన గుండె జబ్బు, అదుపులోకి రాని షుగరు లాంటివి ఉండాలి. ఆమెది 39. షుగరు గోలీలతో అదుపులోనే ఉంది. హెర్నియా, అన్నవాహిక పుండ్ల కింద పెట్టి చూస్తామని దవాఖానవాళ్లు అన్నారు, మాట ఇవ్వలేదు. ఉస్మానియాలో 2023లో రెండు వందల కిలోలు దాటిన ఒక యువకుడికి ఈ తరహా ఆపరేషన్ ఉచితంగా చేసిన వార్త కూతురు చదివింది. అక్కడా అడిగి చూద్దామంది. తండ్రి చిట్టీ ఎత్తుతానన్నాడు. చేయిద్దామని ఆయన నోటితో ఇంకా అనలేదు గానీ, చిట్టీ మాట వచ్చిందంటే మనసు కదిలిందని తల్లీకూతుళ్లకు అర్థమైంది.

దవాఖానలో డైటీషియన్ ఒక పని అప్పజెప్పింది. రెండు వారాలు, తిన్నదీ తాగిందీ ప్రతిదీ రాయాలి. మార్కులు వేయడానికి కాదు, చూడటానికి అని నొక్కి చెప్పింది. టీచరమ్మ పిల్లల కాపీ బుక్కులో ఒకటి తీసుకుని రాసింది. రాసినకొద్దీ ఆమెకే ఆశ్చర్యం. అన్నం రెండు పిడికిళ్లు మించడం లేదు. మాంసం ముక్క దిగదు, గొంతులో ఆగుతుంది. చపాతీ అంతే. దిగేది ఏమిటి? చాయ్‌లో ముంచిన బిస్కెట్. పొద్దున మూడు, స్టాఫ్‌రూంలో రెండు, సాయంత్రం నాలుగు. సకినాలు నోట్లో నానబెట్టుకుని మింగడం. రాత్రి మంటకు చల్లగా ఉంటుందని గ్లాసెడు పాలు, అందులో రెండు చెంచాల చక్కెర. గట్టి తిండి ఆగిపోతోంది, మెత్తటి తీపి జారిపోతోంది. నోరు కట్టుకోలేదని తనను తాను తిట్టుకున్న ఏళ్లన్నీ, ఆమె ఒళ్లు దిగే తిండిని వెతుక్కున్న ఏళ్లు. బైపాస్ అయ్యాక తీపి ఎక్కువ తింటే చెమటలు, దడ, కళ్లు తిరగడం. దాన్ని డంపింగ్ అంటారు. ఆ సంగతి తెలిశాక బిస్కెట్లు ఇప్పుడే మానడం మంచిదనుకుంది.

ఇక మిగిలింది అత్తమ్మ. అందరూ ఎక్కువగా జంకింది ఆమెకే. గంజి నీళ్లతో, అంబలితో పిల్లలను సాకిన మనిషి. కడుపు నిండా తినడమే భాగ్యమని నమ్మే మనిషి. మొదటి ఆపరేషన్ తర్వాత కోడలు మూడు చెంచాల పప్పునీళ్లు తాగుతుంటే, "తినే యోగం లేకుంట చేసుకున్నవ్ బిడ్డా" అని ఏడ్చింది.

ఆ సాయంత్రం వాకిట్లో చింతకాయలు గిల్లుతూ అంతా విన్నది. కొడుకు దాసరి సంగతి, ఆర్తీ సంగతి మళ్లీ ఎత్తబోతే ఆపింది.

"సినిమావాళ్ల ముచ్చట నాకెందుకురా. రెండేండ్ల సంది నీ పెండ్లాం రాత్రి దగ్గుతుంటే గోడకు ఈవల నేను ఇంటలేనా? నీకు నిద్ర పడుతది, నాకు పట్టదు. డాక్టరు ఏమన్నడు, ఊకుంటే మంచిగైతదన్నడా?"

"అనలే అవ్వా."

"మరి?"

కొడుకు దగ్గర జవాబు లేదు. అత్తమ్మ కోడలి వైపు తిరిగి, ఇంకెవరూ అడగనిది అడిగింది. "నీకు దేనికి భయం బిడ్డా? చచ్చిపోతననా?"

టీచరమ్మ చాలాసేపు ఆలోచించింది. చావు భయం ఉంది. అది థియేటర్ తలుపు దగ్గర ఎవరికైనా ఉండేదే. కానీ రాత్రుళ్లు ఆమెను పీడించింది అది కాదు.

"మళ్లా లావయితే ఏమంటరోనని అత్తమ్మా. రెండుసార్లు కోపిచ్చుకుని కూడ గింతేనా అంటరని."

"ఎవరంటరు?"

పేర్లు చెప్పబోయి ఆగింది. ఊళ్లో ఎవరికీ మొదటిదే తెలియదు. అనేవాళ్లు లేరు. ఇన్నేళ్లూ ఆ మాటంటున్నది తానొక్కతే.

నిర్ణయం ఆ రాత్రే అయిపోలేదు. రక్తపరీక్షల కాగితం అడ్డం వచ్చింది. హిమోగ్లోబిన్ 8.6. బి12, విటమిన్ డి అడుగంటాయి. ఏళ్ల తరబడి గోలీలు మానేసిన ఫలితం. ఈ రక్తంతో తాను కత్తి పట్టనని సర్జన్ తేల్చి చెప్పాడు. బైపాస్ తర్వాత ఐరన్, బి12, కాల్షియం ఒంటికి పట్టడం ఇంకా కష్టమవుతుంది. బతికినన్నాళ్లూ గోలీలు, ఆరు నెలలకో ఏడాదికో రక్తపరీక్ష తప్పవు. ఈ గోలీలు వేసుకోలేని మనిషికి ఆ ఆపరేషన్ చేయడం కన్నా చేయకపోవడం మేలన్నాడు. అట్లా మూడు నెలలు గడువు పడింది. ఐరన్ సూదులు, బి12 సూదులు, మంటకు రెట్టింపు డోసు మందు. తల వైపు మంచం కోళ్ల కింద భర్త రెండేసి ఇటుకలు పెట్టాడు. మెత్తలు ఎన్ని పేర్చినా నడుము వంగుతుందే తప్ప ఛాతీ లేవదని, మంచాన్నే వాలుగా లేపాలని డాక్టరు చెప్పిన ఉపాయం. కొంచెం నిద్ర పట్టింది.

ఆ మూడు నెలలూ ఆమె గోలీ ఒక్క రోజు తప్పలేదు. పరీక్ష తనకు తానే పెట్టుకుంది: ఇది చేయగలిగితే అది చేయించుకుంటా. సంక్రాంతి ముందు మళ్లీ రక్తం తీస్తే హిమోగ్లోబిన్ పదకొండు దాటింది. ఆ కాగితం చేతిలో పట్టుకుని భర్తతో అంది: "బరువుకు కాదు, మంటకు చేపిచ్చుకుంటున్న. బరువు తగ్గితే మంచిదే. తగ్గకుంటే నన్ను ఏమనొద్దు. నేను కూడ ఏమనుకోను."

"తారీకు అడుగుత" అన్నాడు ఆయన.

ఫిబ్రవరిలో ఇచ్చారు. ఆ సాయంత్రం చిట్యాలలో అక్కకు ఫోన్ చేసింది.

"ఆపరేషన్ ఉన్నదక్కా, హైదరాబాద్‌ల."

"ఏమైందే? మళ్లా రాళ్లా?"

"అప్పుడు కూడ రాళ్లు కావక్కా." మొత్తం చెప్పింది. స్లీవ్ సంగతి, దాచిన సంగతి, పెరిగిన బరువు, రాత్రుళ్ల మంట, పేగు ఎట్లా అతుకుతారో అదీ. అవతల చాలాసేపు మాట లేదు. కోపమొచ్చిందేమో అనుకుంది.

"నేను నీకేం కానా? ఏడేండ్లు దాస్తవా?" అంది అక్క. తర్వాత గొంతు తగ్గించి, "నాకు కూడ తొంభై ఎనిమిది ఉన్నదే. ఎవరికి చెప్పుకోవాలెనో తెల్వక ఊకున్న. ఆ డాక్టరు నంబర్ పంపు."

"పంపుత. గానీ ఆపరేషన్ మాట తర్వాత. ముందు షుగరు, థైరాయిడ్ చూపిచ్చుకో. రెండు వారాలు తిన్నదంతా ఒక బుక్కుల రాయి, బిస్కెట్‌తోని సహా. అది పట్టుకొని పోదాం. నేనొస్త నీతోని."